నాలుగో పీలిక

మాది వరంగల్. సూరత్‌లో సర్జన్‌గా పనిచేస్తున్నాను. రెండేళ్ల క్రితం ముచ్చటపడి సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాను. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బానెట్ ఎత్తి ఆయిలూ, కూలెంటూ, బెల్టూ నేనే చూసుకుంటాను. చుట్టూ నలుగురు చేరి చూస్తుంటే అదో గర్వం.

ఒక ఆదివారం రాజయ్య వచ్చాడు. మావైపువాడే, సూరత్‌లోనే డిండోలిలో ఉంటూ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. నెల క్రితం అతని కడుపుకు ఆపరేషన్ చేసింది నేనే. ఊరి నుంచి తెచ్చిన పసుపు ఇవ్వడానికి వచ్చి, నిలబడి చూస్తున్నాడు.

పాత చీర పీలికలతో ఇంజన్ తుడవడం అయ్యాక స్టార్ట్ చేయబోతుంటే, "జర ఆగుండ్రి సార్. నాలుగు చీర పీలికలు తీస్కున్నరు. మూడే కనవడ్తున్నయ్" అన్నాడు.

అందరి ముందూ నాకు చిన్నతనమనిపించింది. "ఇది నీ సాంచె కాదు రాజయ్యా, కారు. పక్కకు జరుగు" అని కసిరి తాళం తిప్పాను.

కీచుమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. ఆపేసి దిగేసరికి బెల్టు తెగి వేలాడుతోంది. దానికి చుట్టుకున్న నాలుగో పీలికను రాజయ్యే మెల్లగా బయటికి లాగాడు.

దెప్పిపొడవలేదు. "మా కాడ సాంచె షురు చేసేముందు పీలికలు లెక్కవెడ్తం సార్" అన్నాడంతే. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు అతని చెయ్యి కడుపు మీది కుట్ల మచ్చ దగ్గరికి వెళ్లింది. "దవఖానల గూడ గిట్లనే లెక్కవెడ్తరు గదా సార్?"

కుట్లు వేసేముందు మేం ప్రతి గుడ్డముక్కా రెండుసార్లు లెక్కపెడతాం. అతనికీ లెక్కపెట్టాం. ఆ మాటే చెప్పాను, కానీ అతని ముఖంలోకి చూసి చెప్పలేకపోయాను.

నమ్మానన్నట్టు రాజయ్య తలూపాడు. చెయ్యి మాత్రం కడుపు మీంచి తియ్యలేదు.