నకలు వద్దన్న సత్యవతి

2023 వానాకాలం. చోడవరంలో పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రిలో నేను ఆయాను. చదివింది మూడో తరగతే. గదులు తుడవడం, వచ్చినవాళ్లను వరుసగా లోపలికి పంపడం, ఏడ్చేవాళ్లను గదమాయించి మంచినీళ్లు తాగించడం నా పని. అక్కడ రోజూ వినపడే మాట ఎంబ్రియో. ఆలుమగల బీజాలు ల్యాబ్‌లో కలిస్తే ఏర్పడే తొలి పిండం అది, కంటికి ఆనదు. వాడగా మిగిలినవాటిని విశాఖపట్నం ల్యాబ్‌లో గడ్డకట్టించి దాస్తారు. దాన్ని ఫ్రీజింగ్ అంటారు.

సత్యవతి, అప్పారావు దేవరాపల్లి వైపు చెరకు రైతులు. వాళ్ల మొదటి కొడుకు తలసేమియాతో పోయాడు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు, పుట్టుకతోనే వస్తుంది. బతికినన్నాళ్లూ ఆ బాబుకు రక్తం ఎక్కిస్తూనే ఉన్నారు. రెండో బిడ్డ కోసం మా దగ్గరికొచ్చి, పిండాలను ముందే పరీక్ష చేయించి, జబ్బు లేనిదాన్ని కడుపులో పెట్టించుకున్నారు. ఆడపిల్ల పుట్టింది, బంగారంలా ఉంది. మిగిలిన రెండు పిండాలకూ ఆ జబ్బే ఉంది. వాటిని పారేయాలా, ఆ జబ్బు మీద పరిశోధనకు ఇస్తారా అని డాక్టరమ్మ అడిగారు.

అప్పారావు రెండింటికీ ఒప్పుకోలేదు. "దాసి ఉంచండి డాట్రమ్మగారూ. ఫోన్లో సూసేను, గొర్రెకి నకలు తీసేరంట. రేపు మనుసులకీ తీస్తారు. అప్పుడు ఈటితో మా గుంటడిని మళ్లీ తియ్యొచ్చు కదా!"

"దాన్ని క్లోనింగ్ అంటారు. మనుషులకు చేయనివ్వరు. ఇవి మీ బాబువి కావు, వేరే పిండాలు. బాబుకే నకలు తీశారనుకో, ఆ జబ్బు కూడా వస్తుంది కదయ్యా," అన్నారు డాక్టరమ్మ.

"రానీండి. ఆడి మొకం సూస్తే సాలు నాకు."

చంటిదాన్ని జోకొడుతున్న సత్యవతి తలెత్తింది. "నీకు సాలు. మరి ఆడికో? మళ్లీ ఆ సూదులు గుచ్చిస్తావేటి? సెయ్యి ఎనక్కి దాసుకుని ఏడిసీవోడు, మర్సిపోయేవా?"

అప్పారావు కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను గానీ, గదమాయించడానికి నాకు నోరు రాలేదు.

సత్యవతి డాక్టరమ్మ వైపు తిరిగింది. "పరిసోదనకిస్తే ఈటిని పెంచి మనిసిని సెయ్యరు కదా?"

"చేయరమ్మా. తొలి రోజులు దాటి పెంచడానికే వీల్లేదు."

"అయితే ఇచ్చెస్తాం. ఆడిలాంటోడు ఇంకొకడొద్దు. ఆడి జబ్బు ఇంకెవులికీ వద్దు."

అప్పారావు కళ్లు తుడుచుకుని సంతకం చేశాడు.

మరుసటి వారం ఇద్దరూ డబ్బాతో వచ్చారు. మూత తీస్తే చలివిడి. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు పెట్టే సారె.

"ఏటే ఇది? బెల్లం, నెయ్యి ఊరికే వస్తన్నాయేటి?" అని కసిరాను.

"ఇంట్లోంచి పిల్లల్ని పంపుతూ ఉత్తిసేతుల్తో పంపుతామేటి మామ్మా?" అంది సత్యవతి.

డాక్టరమ్మ ఒక ముద్ద తిని, మిగతాది విశాఖపట్నం ల్యాబ్‌వాళ్లకు పంపించారు.

పిండం ప్రాణమా కాదా, దాని మీద పరిశోధన పాపమా పుణ్యమా అని చదువుకున్నవాళ్లు వాదించుకుంటారు. నాకంత తెలియదు. చిరిగిన చీర పక్కింటికిచ్చి దానం చేశాననుకునేదాన్ని నేను. సత్యవతి వాటిని బిడ్డలనే అనుకుంది. అనుకునే ఇచ్చింది. పనికిరాదని ఇస్తే వదిలించుకున్నట్టే. వదల్లేనిది ఇస్తేనే ఇచ్చినట్టు.