తేరిన నీళ్ళు

శనివారం సాయంత్రం కళాశాల నుంచి వచ్చిన గౌతమికి గుమ్మంలోనే ఏదో తేడా తెలిసింది. ముందుగదిలో కిటికీకి ఎడంగా ఉన్న రెండడుగుల గాజుతొట్టెలో నీళ్ళు ఎప్పుడూ పలచని తేనీటి రంగులో ఉంటాయి. ఉడకబెట్టి వేసిన జామ మోడులోంచి దిగే రంగది. ఆమె కావాలని ఉంచుకున్నది. ఆ పూట తొట్టెలోంచి వెనక గోడమీది బీటలు కూడా కనిపిస్తున్నాయి. గదిలో అగ్గిపుల్ల గీసి ఆర్పినప్పటి ఘాటు.

"ఎలాగున్నాదమ్మా?" అన్నాడు మామగారు బంగార్రాజు, మంచం మీంచి లేస్తూ. "అద్దంనాగ లేదేటి?"

ఆమె చేతిసంచీ కింద పడేసి తొట్టె దగ్గరికి వెళ్ళింది. రాయి చుట్టూ నల్ల నూలుదారంతో కట్టిన నాచు ఉడికిన తోటకూరలా వాలిపోయి ఉంది. కొసలు పాలిపోయాయి. వేలితో తాకితే రెమ్మ ఊడి చేతికి వచ్చింది. అడుగున తెల్లటి మడ్డి.

"ఏటి వేసేరు మావయ్యా ఇందులో?"

"కూసింత సున్నం తేట, సిటికెడు హైడ్రోసు పొడి. మన గానుగలో సెరుకు రసం తేరడానికి ఏస్తాం గదా, అదే. నల్లటి రసాన్ని బంగారంలాగ తేర్సినోణ్ణి, ఈ గాబుడు నీళ్ళొక లెక్కా!"

అబద్ధం కాదు. గోవాడ చుట్టుపక్కల ఊళ్ళలో బెల్లం వండేవాళ్ళలో ఆయనకు పేరుంది. పెనంలో రసం పొంగే తీరు చూసి పాకం చెప్పగలడు. ఆ పేరే ఆ రోజు తొట్టెలోకి చెయ్యి పెట్టింది. ఉదయం వరసకు చెల్లెలైన చిన్నతల్లి వచ్చి, "సేపల్లేని సేపల తొట్టేటన్నయ్యా? ఆ నీళ్ళేటి, మురిగ్గుంటనాగ? మీ కోడలికి సదువుంది గానీ సుబ్రం లేదు" అని పోయిందట. కోడలికి మాట రానివ్వకూడదని ఆయన పూనుకున్నాడు.

కోపం వస్తే గౌతమికి గొంతు పెరగదు. చేతుల వేగం తగ్గుతుంది. పంపునీళ్ళలో క్లోరిన్ పోవడానికి ముందురోజే పట్టి ఉంచిన బకెట్టు పెరట్లోంచి తెచ్చింది. రాయిని బయటికి తీసింది.

ఆ నాచు కొన్నది కాదు. చోడవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఆమె వృక్షశాస్త్రం చెబుతుంది. నాచుమొక్క జీవితచక్రం ఏటా నల్లబల్ల మీద రంగుసుద్దలతో గీస్తుంది. పిల్లలు దాన్ని కంఠస్థం చేస్తారు. ప్రాణమున్న నాచును భూతద్దం కింద చూసినవాళ్ళు తరగతిలో ఒక్కరూ లేరు. ఒక్కపూట వాగు దగ్గరికి తీసుకువెళతానని అడిగితే ప్రిన్సిపాల్, "ముందు సిలబస్ చూడండి మేడమ్" అన్నాడు. ఆ కోపం మింగి, ఒక ఆదివారం తానే బస్సెక్కింది. మాడుగుల దారిలో ఒక పాత రాతి కల్వర్టు కింద, ఊట చెమ్మలో పెరుగుతున్న నాచును చిటికెడు గిల్లి టిఫిన్ డబ్బా మూతలో తెచ్చుకుంది.

గాలిలో పెరిగిన నాచు నీటిలో మునిగితే మొదట చచ్చినట్టే కనిపిస్తుంది. ఇదీ గోధుమరంగుకు తిరిగింది. ఆమె పారేయలేదు. ఎండాకాలంలో ఐసు సీసా నీళ్ళలో తేలేసి చల్లబరిచింది. తొట్టె దీపం వెలుగు ఎక్కువైతే పట్టే పాకుడును మెత్తటి బ్రష్షుతో తీసింది. చాలాకాలానికి పాత కాడల పక్కనుంచి కొత్త రెమ్మలు వచ్చాయి: కాడ సాగింది, ఆకులు పలచబడి ఎడమయ్యాయి. ఒకే మొక్క నీటికోసం మరో ఒళ్ళు తొడుక్కుంది. పిల్లలకు ఆ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూపించాలని ఆమె ఆశ. ఈలోగా రోడ్డు వెడల్పులో ఆ కల్వర్టు పోయి సిమెంటు గొట్టాలు వచ్చాయి. వెళ్ళి చూస్తే కంకర. ఆమెకు తెలిసినంతవరకు, ఇక మిగిలింది ఈ రాయి మీద ఉన్నదే.

భర్త ప్రేమ్‌కుమార్ విశాఖపట్నంలో డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. సంగతి విని, "నాచే గదా గౌతమీ, కాలవలో బండెడు దొరుకుద్ది. రేపు తెస్తాన్లే" అన్నాడు.

"ఏ నాచు తెస్తారు?"

"నాచంటే నాచే."

"మీ నాన్నగారి బెల్లం, కొట్లో రంగేసిన బెల్లం ఒకటేనా?"

అతడు చెప్పులు విప్పడానికి వంగి, అవసరమైన దానికన్నా ఎక్కువసేపు వంగే ఉన్నాడు.

"అంత కోపమేటమ్మా," అన్నాడు బంగార్రాజు. "మంచికే సేసేను గదా."

అప్పుడు తిరిగింది గౌతమి. "మావయ్యా, మీ పెనంలో రసం మరుగుతన్నప్పుడు, మీరు లేకుండా నేనొచ్చి, పుల్లగా ఉంటే బాగుంటాదని చింతపండు పిసికేస్తే?"

"కాళ్ళిరగ్గొడతాను!" ముసలాయన ఒక్కసారిగా గర్జించాడు. "నా పెనం జోలికి..."

మాట అక్కడ ఆగింది.

"మంచికే కదా," అంది గౌతమి. "అడగాలనిపించలేదా మావయ్యా? ఒక్క మాట."

ఆయన మంచం మీద కూలబడ్డాడు. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ వేయలేదు. కత్తెరతో నూలుదారం తెంపింది. పైపొర మొత్తం చేతిలో గుజ్జయింది. రాతికి అంటుకున్న అడుగుపొరలో, పాత కాడల దుబ్బు మధ్య, గోరంత పచ్చదనం మిగిలింది. దాన్ని బకెట్టు నీళ్ళలో పలుమార్లు జాడించి, ఒక గాజుసీసాలో వేసి, ఎండ తగలని అలమారులో పెట్టింది.

"ఆ సీసా ఎవరూ ముట్టుకోవద్దు," అంది. ప్రేమ్‌కుమార్ తల ఊపాడు. వారం తరవాత చిన్నతల్లి వచ్చి సీసా వైపు చెయ్యి చాపబోతే మంచం మీంచి కేక వినిపించింది: "ఒసే, ముట్టకు! అది ఆవిడ పెనం."

వానలు పడ్డాక ఒక పొద్దున్న సీసాలో సూదిమొనంత కొత్త చిగురు కనిపించింది. గౌతమి భూతద్దంతో చూస్తుంటే బంగార్రాజు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"బతికిందేటమ్మా? నేనోసారి సూడొచ్చా?"

ఆమె వెనక్కి తిరగలేదు. భూతద్దం పక్కకు జరిపింది.

"చేతులు వెనక్కి పెట్టుకుని చూడండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకుని వంగాడు.