పాముకు పేజీ నంబరు

చంద్రపూర్‌లోని ఆ కాలేజీ లైబ్రరీలో మల్లేశం సార్‌ను మెడలో దారానికి వేలాడే పెన్సిలు లేకుండా ఎవరూ చూడలేదు. ఏ విషయం ఏ పుస్తకంలో ఉందో వెతకడం పిల్లలకు నేర్పేది ఆయనే. ఇంటింటికీ కేబుల్ వస్తున్న రోజులవి. "టీవీల చెప్పిండ్రు సార్" అని ఎవరైనా అంటే ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. "ఏ పుస్తకం? ఎన్నో పేజీ?" అనేవారు. బయట వాన పడుతోందని చెప్పినా అదే ప్రశ్న.

ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో, లాల్‌పేట్ నుంచి వచ్చే తిరుమల కెవ్వుమంది. "సార్, పాము! నాలుగో బీరువాల!" పిల్లలంతా బల్లలెక్కారు. సార్ కదల్లేదు. "విషం ఉన్నదో లేదో తెల్వకుండ ఉరుకుడేంది?" అంటూ వేలు తడిచేసుకుని పుస్తకాల కార్డులు తిప్పారు. పాముల మీద ఒక్కటే పుస్తకం ఉంది. నాలుగో బీరువా, రెండో అర. పాము సరిగ్గా దానిమీదే చుట్టచుట్టుకుంది.

"గిప్పుడెట్ల సార్?" అంది తిరుమల. సార్ కార్డునూ పామునూ మార్చి మార్చి చూశారు.

ఊడ్చే సారక్క చీపురు కింద పెట్టి వచ్చింది. "జెర్రిపోతు సార్, విషముండదు." తోక పట్టి ఎత్తి, కిటికీలోంచి పొదల్లోకి వదిలేసింది.

"ఎవరు చెప్పిండ్రు సారక్కా?"

"మా అవ్వ జెప్పింది."

బల్లల మీదున్న పిల్లలవైపు తిరిగారు సార్. "రాసుకోండి. జెర్రిపోతుకు విషం లేదు. ఆధారం, సారక్క వాళ్లవ్వ." పేజీ నంబరు దగ్గర ఆగి, సారక్కవైపు ఆశగా చూశారు.