గోకితే తెగని స్టీలు: టిమారులో నా ట్రయల్ రోజు

రెండు నెలల్లో వీసా అయిపోతుంది, చేతిలో ఉద్యోగం లేదు. నేను టిమారు వెళ్లింది అందుకే, సముద్రం చూడ్డానికి కాదు. హైదరాబాదు బాలానగర్‌లో రెండేళ్లు లోహం చెక్కే లేత్ మెషీను మీద పనిచేసి, క్రైస్ట్‌చర్చ్‌లో చదువు ముగించిన నాకు ఏడాది మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క పిలుపు అది. పళ్ల డాక్టర్ల పనిముట్లకు సన్నటి స్టీలు పిన్నులు చేసే చిన్న వర్క్‌షాపు. "ఒక రోజు వచ్చి చేసి చూపించు" అన్నాడు ఓనరు. ఇది 2007 మాట. మీలో ఎవరైనా ఇలా ట్రయల్‌కి వెళ్తుంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

క్రైస్ట్‌చర్చ్ శివారు రిక్కార్టన్‌లో మా ఫ్లాట్ నుంచి ఆరున్నరకే బయల్దేరి, సిటీలో ఏడున్నర బస్సు పట్టుకున్నాను. టికెట్ పాతిక డాలర్ల లోపే. రెండున్నర గంటల దారి, అంతా చదును నేల, గొర్రెలు. రకాయా నది వంతెన మీద కిటికీ పక్క సీటుంటే పండగే. నాకేం పండగ, నదిని చూస్తేగా! ఆష్‌బర్టన్‌లో ఆగినప్పుడు డ్రైవరు "ఇంటర్వ్యూనా?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "ఈ ఎండలో ఇస్త్రీ షర్టు వేసుకుని టిమారుకు ఎవరూ రారు" అని నవ్వాడు. నన్ను స్టాపు దాకా తీసుకెళ్లకుండా వర్క్‌షాపు సందు మొదట్లోనే దింపాడు, మహానుభావుడు.

ఓనరు బ్రూస్‌వి తక్కువ మాటలు. నాకు చూపించిన లేత్ పక్కన పనిచేస్తున్న పెద్దాయన్ని "యూసుఫ్, మీ హైదరాబాదే" అని పరిచయం చేశాడు. ఆరు స్టీలు ముక్కలు, ఒక డ్రాయింగు నా ముందు పెట్టి, "ఒకటింబావు మిల్లీమీటరు మందం రావాలి. నాలుగింటికి చూస్తా" అని వెళ్లిపోయాడు.

బాలానగర్‌లో మాకో అలవాటుంది. కోసే టూల్ విరిగితే సేటు వీధంతా వినపడేలా తిడతాడు. అందుకని చివరి సైజు దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకలో సగం, పావు చొప్పున నాలుగైదుసార్లు మెల్లగా గీస్తాం. ఎంత జాగ్రత్తో చూడండి అని మాకు మేమే మురిసిపోతాం. అక్కడ బొటనవేలంత లావు ముక్కలు కాబట్టి సాగిపోయేది. ఇక్కడ గుండుసూది కంటే కాస్త లావు పిన్ను. మొదటిది గీస్తే చిప్స్, అంటే లోహపు చెక్కులు, లేవలేదు, బూడిదలాంటి రజను రాలింది. సైజు తగ్గలేదు. మళ్లీ గీశాను, తగ్గలేదు. మూడోసారి టూల్ ఉన్నట్టుండి లోపలికి దిగి పిన్ను వంగిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది పోయేసరికి రెండున్నరైంది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం బిడ్డా, కోస్తున్నవా, గోకుతున్నవా?" అన్నారు యూసుఫ్ అంకుల్.

"జాగ్రత్తగానే చేస్తున్న అంకుల్!" అని కసిరాను. అంత పెద్దాయన మీద నోరు చేసుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

ఆయన ఏమీ అనుకోలేదు. "బాలానగర్ చెయ్యేనా? నేను గూడ మొదటి ఏడంత గిట్లనే చేసిన" అంటూ నా టూల్‌ని మైక్రోస్కోపు కింద పెట్టారు. కంటికి బ్లేడులా కనిపించే అంచు అందులో అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రంగా ఉంది. "కొత్త టూలైనా గంతనే. నువ్వు తీసే పొర గీ గుండ్రం కన్న సన్నగుంటే లోహం చిప్పై లేవదు. టూల్ కింద నలిగి మల్ల పైకొస్తది. నలిగిన స్టీలు ఇంక గట్టిపడ్తది. నువ్వు నిమిరినకొద్దీ మొండికేస్తది."

దోసకాయ చెక్కు తీసేటప్పుడూ అంతే కదా, కత్తిని కాస్త లోపలికి దించకపోతే తొక్క మీద జారిపోతుంది. ఐదో ముక్కకి చివర్లో తగినంత పొర మిగిల్చి, ఒకే కోతలో తీశాను. మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు, మెరిసే సన్నటి చుట్ట ఒకటి లేచింది. కొలిస్తే సరిగ్గా సైజు! ఆరోదీ వచ్చింది.

నాలుగింటికి బ్రూస్ ఆ రెండూ కొలిచి, "మిగతా నాలుగు?" అన్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, వాటిని అప్పటికే నా బ్యాగులో దాచేశాను. మెటీరియల్ బాగాలేదందామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. తీసి బల్ల మీద పెట్టాను. "భయపడి మరీ సన్నగా కోశాను. అది కోయడం కాదు, రుద్దడం" అన్నాను. ఆయన లేత్ కింది ట్రేలోని రజనునీ చుట్టలనీ బ్రష్షుతో విడదీసి చూసి, "ఇంకో పది చెయ్యి, ఇప్పుడే" అన్నాడు.

నా బస్సు నాలుగున్నరకి! అంకుల్ తలెత్తకుండానే "బస్సు పోతె పోనీ బిడ్డా. మీ ఆంటీకి ఫోన్ చేస్త, రాత్రికి మా ఇంట్లనే ఉండు" అన్నారు.

పదిలో తొమ్మిది సైజుకొచ్చాయి. పాడైన పదోదాన్ని బ్రూస్ అడగకముందే నేనే ముందుకు తోశాను. అప్పుడు నవ్వాడు ఆ మనిషి. వీసాకి కావలసిన ఆఫర్ లెటరు మీద నిలబడే సంతకం పెట్టి, సోమవారం రమ్మన్నాడు.

ఆంటీ వడ్డించిన ఖట్టీ దాల్ తింటుంటే ఏడాదంతా గుర్తొచ్చింది. ఎక్కడ ఉద్యోగం అడిగినా సగం మాటే అడిగి, వాళ్లు కాదనేలోపే "పర్లేదు సార్" అని లేచొచ్చేదాన్ని. దాన్నే మర్యాద అనుకున్నాను. ఏడుపొచ్చేసింది. పాపం ఆంటీ, కారం ఎక్కువైందనుకుని గబగబా పెరుగు వేశారు. మీకు నేను చెప్పేదొక్కటే: ట్రయల్‌కి వెళ్లేటప్పుడు అదే రోజుకి తిరుగు టికెట్ కొనకండి, మర్నాటి బస్సుకి తీసుకోండి. గడియారం చూసుకుంటూ కోస్తే చెయ్యి మళ్లీ గోకడం మొదలుపెడుతుంది.