కొళాయి సున్నం... నా చిటికెన వేలు

మా చిన్నప్పుడు... కడపలో మా ఇంటి కొళాయి కారడం మొదలైతే, ఆదివారం పొద్దున్నే నాయన దాన్ని విప్పుకుని కూర్చునేవాడు. మాది బోరు... ఉప్పునీళ్లు. కొత్త బిందెకే నెల తిరక్కుండా తెల్లటి పూత పట్టేది, ఇక కొళాయి సంగతి చెప్పేదేముంది!

ఒట్టి వాషర్ మారిస్తే కారడం ఆగదు. లోపల వాషర్ కూర్చునే చోట సున్నం పేరుకుని కొత్తదాన్నీ కోసేస్తుంది. అందుకని నాయన చింతపండు రసంలో గుడ్డ తడిపి లోపల కుక్కి, నానాక పుల్లతో గీకేవాడు. పాత హవాయి చెప్పు కోసి వాషర్ చేసేవాడు.

ఆయన వేలు లోపలికి పట్టదు. నా చిటికెన వేలు పెట్టించి, గరుకుగా ఉందా అని అడిగేవాడు. ఉందంటే మళ్లీ గీకుడే.

నాకు పదేళ్లప్పుడు ఒక ఆదివారం... వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. వేలికి గరుకు తగిలింది. నున్నగా ఉందని చెప్పి పరిగెత్తాను.

రాత్రంతా కొళాయి కారి, తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కరెంటు లేదు, మోటరు ఆడదు. అమ్మ వీధి చివరి బోరింగు నుంచి బిందె మోసుకొస్తూ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించినా సరిగ్గా అతకలేదు.

నాయన నన్ను పెరట్లోకి పిలిచాడు. తిట్టలేదు.

"నేనే సరిగ్గా గీకలేదని మీ అమ్మకి చెప్పినా. నువ్వేం మాట్లాడాకు పాపా," అన్నాడు.

మాట్లాడలేదు... ముప్పై ఏళ్లు.

నాయన పోయి రెండేళ్లయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది, కడపలోనే, ఫ్లాట్‌లో. ఇక్కడా అవే నీళ్లు. కానీ ఇప్పుడెవరూ గీకరు... ప్లంబరు వచ్చి కొళాయి మొత్తం పీకేసి, కొత్తది బిగించి పోతాడు.

మొన్న ప్లంబరు వస్తే, అమ్మ అతనికి సరిగ్గా అతకని ఆ చెయ్యి చూపిస్తోంది. "మా ఇంటాయన చేసిన రిపేరుకే ఇట్లయిందప్పా. ఆయనకి ఈ పని శాతగాదు," అంది.

నేను పక్కనే ఉన్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు కూడా అనిపించలేదు. టీ వడగట్టి ఇద్దరికీ ఇచ్చాను.

అమ్మ ఫోన్ చూడదు, ఇది చదవదు. ఇన్నేళ్ల తర్వాత అమ్మకి నిజం చెప్పినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే... మాట ఎలా మొదలుపెట్టారో కాస్త రాయండి.