మందు చల్లండి అనే బటన్

ఆ బటన్ తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెట్టమన్న పెద్దమనిషి మీద సగం, నోరు మూసుకుని పెట్టిన నా మీద సగం.

తోటపల్లి గూడూరు వైపు మా అక్కావాళ్లకు రెండు రొయ్యల గుంటలు ఉండేవి. తెల్లమచ్చ తెగులు వచ్చి రెండూ పోయాయి. బావ ఇప్పుడు వేరేవాళ్ల గుంటకు కాపలా ఉంటున్నాడు. గుంటలు పోయిన ఏడాది అక్క ఒక పొడుగు నోటుపుస్తకంలో కథ రాసింది. అది మామూలు కథ కాదు, అందులో చదివేవాళ్లే రైతు. ప్రతి పేజీ చివరా ఒక ప్రశ్న ఉంటుంది. రొయ్య పిల్లల్ని ఇప్పుడే వదులుతారా, అయితే తొమ్మిదో పేజీకి పోండి. పరీక్ష చేయించి వదులుతారా, పద్నాలుగుకి పోండి. ఏది ఎంచుకుంటే కథ అటు తిరుగుతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్లు ఆ పుస్తకం చుట్టూ మూగేవాళ్లు. దారి తప్పితే వెనక్కి రావచ్చని పాత పేజీలో వేలు పెట్టుకుని మరీ చదివేవాళ్లు. గుంట దగ్గర అలా వేలు పెట్టుకునే వీలుండదని అక్క నవ్వేది.

ఆ పుస్తకంలో ఒక్క పేజీకి మాత్రం ప్రశ్న లేదు. పంట చేతికొచ్చే దారులూ ఉన్నాయి గానీ, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నవాళ్లు ఒక్కోసారి ఈ పేజీలోకే వచ్చి పడతారు. మంచి పిల్లల్నే వదిలారు, తెగులు మోసుకొచ్చే పీతలు రాకుండా గట్టు చుట్టూ వల కట్టారు, వేళకు మేత వేశారు. అయితే పై గుంటవాళ్లు తెగులు పట్టిన నీళ్లను చెప్పాపెట్టకుండా కాలవలోకి వదిలేశారు. మనం నీళ్లు పెట్టుకునేదీ ఆ కాలవ నుంచే. "మీరు తప్పేమీ చేయలేదు. గుంట పోయింది." అక్కడితో కథ అయిపోతుంది. చదువుతున్నవాళ్లలో కొందరు అక్కడ పుస్తకం విసురుగా మూసేసేవాళ్లు.

నేను నెల్లూరులో వెబ్‌సైట్లు చేసి బతుకుతాను. ఫోన్‌లో బ్రౌజర్ తెరిస్తే చాలు ఆడుకునేలా ఆ కథను ఆటగా చేస్తానని అక్కను నేనే ఒప్పించాను. పాత క్యాలెండర్ కాగితాల వెనక పేజీలన్నీ గడులుగా గీసి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో బాణాలు వేసుకున్నాను. పేజీకొక తెర, ప్రశ్నకు రెండు బటన్లు. మొత్తం నెల పట్టింది.

కోట అనే ఊళ్లో రొయ్యల మేత, మందులు అమ్మే కొట్టాయన ఒకరు అది చూసి ముచ్చటపడ్డాడు. కొట్టుకొచ్చే రైతులందరి ఫోన్లకూ తనే పంపిస్తానన్నాడు. ఒక్క మార్పు మాత్రం అడిగాడు. ప్రశ్న లేని పేజీ ఆయనకు నచ్చలేదు. అన్నీ సరిగ్గా చేసినవాడు కూడా ఓడిపోతే ఇక ఆటెందుకు, అక్కడ మందు చల్లండి అని ఒక బటన్ పెట్టు, నొక్కగానే గుంట బతకాలి అన్నాడు.

తెల్లమచ్చ వచ్చాక మందుతో బతికిన గుంటను ఈ సముద్రం ఒడ్డున నేను చూడలేదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అయినా ఇంతమంది ఆడతారన్న ఆశ నా కళ్లకు గంతలు కట్టింది. పావుగంట పని, చేసేశాను. అక్కతో ఒక్క మాట అనలేదు. సిగ్గులేని పని.

ఆ ఆదివారం అక్క వరండాలో కూర్చుని నా ఫోన్‌లో ఆట ఆడింది. తను రాసిన కథే కదా, టకటకా నొక్కుకుంటూ పోయింది. ఆ పేజీ దగ్గర వేలు ఆగింది. కాసేపటికి బటన్ నొక్కింది. తెర నిండా రొయ్యలు ఎగిరాయి. "మీ జాగ్రత్తే మీ పంటను కాపాడింది" అని వచ్చింది. ఆ వాక్యం నేను రాసిందే.

పక్కన ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి అక్క గొంతు పెంచలేదు.

"మీ బావ సరిగ్గా చూసుకోకనే గుంట పోయిందని ఊళ్లో అందరూ అన్నారు. కాదని చెప్పేదానికే గదా అబ్బయా నేను రాసింది. నువ్వు గూడా వాళ్ల మాటే అంటివి."

కొట్టాయన అడిగాడని నసిగాను. అప్పట్లో బావ గుంటలో చల్లిన మందులన్నీ ఆయన దగ్గర తెచ్చినవేనని చెప్పి, ఫోన్ నా చేతిలో పెట్టి లేచి వెళ్లిపోయింది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి పోయి అన్నం కూడా తినకుండా ఆ బటన్ తీసేశాను. అక్క రాసిన రెండు మాటలూ మళ్లీ ఉన్నవి ఉన్నట్టుగా పెట్టాను. సోమవారం కొట్టాయన ఫోన్ చేసి బటన్ ఏమైందని అడిగాడు. తీసేశానన్నాను. ఇట్లా ఓడిపోయే ఆటను ఏ రైతు ఆడతాడు తమ్ముడూ అని నవ్వాడు.

ఆ నవ్వుకు నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది.

"మా బావ ఆడినాడన్నా. మీ కొట్లో మందులన్నీ చల్లి మరీ ఆడినాడు. ఇంకా ఏ బటన్ నొక్కల్సి ఉండిందో, ఆయన మొహం చూసి చెప్పండి."

ఆ మాట అని ఫోన్ పెట్టేశాను.