నిధి అని నవ్వుతూ అన్నది

నా భార్య చనిపోయింది. ఈ వానలు మొదలైనప్పుడు, ఒక పొద్దున, పటాన్‌చెరులో మా ఇంటి వంటగదిలో. గుండె ఆగింది. మాత్రలు వాడుతూనే ఉంది. నేను వెళ్ళేసరికి స్టవ్ మీద చాయ పొంగి, మంట ఆరిపోయి ఉంది.

ఈ వార్త ఆమె పుట్టిన ఊరికి వేరే రూపంలో చేరింది. "గుప్తనిధుల ఆమె పోయిందంట." అక్కడివాళ్ళు ఒకరికొకరు అట్లా చెప్పుకున్నారు. ఏళ్ళ తరబడి ప్రైవేటు బడిలో సోషల్ చెప్పిన మనిషి ఆమె. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ ఫ్యాక్టరీకి పోయినా కనిపిస్తారు. ఆ ఊరికి మాత్రం ఆమె గుట్టలు తవ్వే మనిషి. ఇది చదివేవాళ్ళలో ఆ మాట విన్నవాళ్ళు ఉండవచ్చు. ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నాను.

ఆమె చేసిన పని పేరు జియోకాషింగ్. ఎవరో ఒకరు ఒక చిన్న డబ్బా ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్ యాప్‌లో పెడతారు. ఇంకొకరు ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ పోయి, దాన్ని కనిపెట్టి, లోపలి కాగితం మీద పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టి వస్తారు. డబ్బాలో గుండీలు, గోళీలు, కీచైన్లు ఉంటాయి. ఒకటి తీసుకుంటే ఇంకొకటి పెట్టాలి. అంతే. తవ్వడం ఉండదు. తవ్వి దాచకూడదని ఆ ఆటలో నియమమే ఉంది.

ఇది ఆమెకు ఎట్లా అంటుకుందంటే, ఒకసారి హైదరాబాద్‌లో పాత కోట గోడ దగ్గర ఒక పడుచు జంట ఫోన్ పట్టుకుని రాళ్ళ సందుల్లో వెతుకుతున్నారు. ఈమె ఆగింది.

"ఏం పోయింది బిడ్డా? చెవి కమ్మనా?"

"ఏం పోలేదు ఆంటీ. వెతుకుతున్నం."

"పోకుంటె ఎందుకు దేవులాడుతున్నరు?"

వాళ్ళు నవ్వి చెప్పారు. కాసేపటికి ఈమె కూడా చీర కొంగు నడుముకు దోపి గోడ సందుల్లో చెయ్యి పెడుతూ ఉంది. మేము ఎవరింటికి బయల్దేరామో ఇద్దరం మర్చిపోయాం. తిరిగి వచ్చేసరికి ఆమె ఫోన్‌లో ఆ యాప్ ఉంది.

అప్పటి నుంచి ఆదివారాలు స్కూటర్ మీద గడిచాయి. బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద, పోబోయే చోటు మ్యాప్ మొత్తం ఫోన్‌లోకి దించుకునేది. గుట్టల వెనుక సిగ్నల్ ఉండదు. "సిగ్నల్ కంపెనీది, మ్యాప్ నాది" అనేది. అన్నం దించిన చేత్తోనే మ్యాప్ దించేది. బ్యాటరీ నిలవాలని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేది. స్కూటర్ హ్యాండిల్‌కు ఫోన్ క్లిప్ నేను బిగించాను. ఆమె వెనుక కూర్చుని నా భుజం మీద నుంచి చూస్తూ దారి చెప్పేది.

"ఎడమకు తిప్పు."

"ఎడమకు గోడ ఉన్నది."

"మ్యాప్‌ల తొవ్వ ఉన్నది."

"అయితె ఆ మ్యాప్ గీసినోణ్ణి పిలువు. వచ్చి బండి నడుపుతడు."

"వాడొస్తె నేను నీ ఎనుక ఎందుకు కూసుంట?"

దగ్గరికి వచ్చాక ఫోన్ తడబడుతుంది. బాణం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. అప్పుడు ఆమె ఫోన్ నా చేతికిచ్చేది. "ఇది ఇక్కడిదాకా తోలుకొస్తది. ఇగ మిగిలింది కండ్లతోని."

ఒక ఆదివారం ఫ్యాక్టరీల నడుమ చెరువు అంచున ఒక డబ్బా ఉందని యాప్ చూపించింది. మ్యాప్‌లో ఆ చెరువు నీలంగా ఉంది. పోయి చూస్తే నీళ్ళు నల్లగా, మీద నురుగు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. నేను మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. మ్యాప్‌లో రంగు మార్చమని ఎవరికైనా రాద్దామన్నాను. ఆమె వద్దంది. "నీలమే ఉండనీ. మ్యాప్ చూసి వచ్చినోళ్ళు, ఏదీ ఆ నీలం చెరువు అని అడగాలె."

ఇంకోసారి, ఒక ప్రహరీ గోడ వెంట వెతుకుతుంటే సెక్యూరిటీ గార్డు వచ్చాడు. బిహార్ మనిషి. "క్యా ఢూండ్ రహే మేడం?" అన్నాడు. "డబ్బా భయ్యా, ఖాళీ డబ్బా" అంది. అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. తర్వాత లాఠీ గోడకు ఆనించి, తనూ వంగి వెతికాడు. పైపు వెనుక దొరికింది కూడా అతనికే. కాగితం మీద అతని చేత పేరు రాయించి, తర్వాత కింద తన పేరు రాసింది. ఊరు కాని ఊరి మనిషి. ఒక్క అనుమానపు మాట అనలేదు.

ఇక ఆమె సొంత ఊరి సంగతి.

అది సంగారెడ్డి దాటాక జోగిపేట దారిలో లోపలికి ఉంటుంది. ఊరి పక్కన గుట్ట, గుట్ట కింద పోచమ్మ రాయి. ఆమె తన చేత్తో దాచిన డబ్బా ఒక్కటే. అది ఆ గుట్ట మీద పెట్టింది. మూత గట్టిగా పడే స్టీలు టిఫిన్ డబ్బా, చుట్టూ ఆకుపచ్చ టేపు. ఎక్కడెక్కడివాళ్ళో యాప్ చూసుకుని తన ఊరు వెతుక్కుంటూ రావాలని ఆమె ఆశ. పోయిన ఎండాకాలం అది ఉందో లేదో చూద్దామని ఎక్కింది. మేకలు కాసే ముసలాయన చూశాడు. ఆమె చిన్నప్పటి నుంచి ఆయన్ను కాకా అనే పిలిచేది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"నా నిధి కాకా" అంది. నవ్వుతూ అంది. నేను పక్కనే ఉన్నాను.

ఆ మాట మా కంటే ముందు గుట్ట దిగింది. తెల్లారేసరికి గుట్ట కింద గుంతలు. పోచమ్మ రాయి పక్కకు ఒరిగి ఉంది. ఎవరు తవ్వారో ఊరంతటికీ తెలుసు. పంచాయతీకి పిలిచింది మాత్రం తవ్వని మనిషిని.

సర్పంచ్ ఒక ఆడమనిషి. కుర్చీలో కూర్చున్నది ఆమె భర్త. నా భార్య ఫోన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇది ఎంత లోతు దాక సూపిస్తది?"

"లోతు చూపియ్యదు. దూరం చూపిస్తది."

"బంగారమా, వెండా ఎట్ల తెలుస్తది?"

"తెల్వది."

"గుట్ట మీద నెట్టు లేదు కద. మరి మ్యాప్ ఎట్ల నడుస్తున్నది? ఏందో ఉన్నది దీంట్ల."

"ఇంటికాడనే దించుకున్న" అంది ఆమె.

"దించుకున్నదంట!" అని వెనుక నుంచి ఎవరో అరిచారు. "ఏం దించుకున్నవ్? ఎప్పుడు దించుకున్నవ్? ఒప్పుకున్నది, అందరు ఇన్నరు కద!"

నెట్టు లేకుండా నడిచే మ్యాప్ వాళ్ళకు మంత్రమైంది. దించుకోవడం దొంగతనమైంది. ఆమె ఓపికగా, బడిలో చెప్పినట్టే చెప్పింది. ఎవరూ వినలేదు. అన్నిటికంటే ఘోరం, సొంత అన్న లేచి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "దొరికితె దొరికిందని చెప్పు చెల్లె. ఇంటి మనుషులం. మాకు గూడ దాస్తవా?"

ఆ పక్క గుట్టను కంకర మిషన్ పట్టపగలు తింటూ ఉంది. సగం గుట్ట లారీలెక్కి పోయింది. దాన్ని మాత్రం ఎవరూ పంచాయతీకి పిలవలేదు.

మళ్ళీ ఊర్లో అడుగు పెట్టొద్దన్నారు. అప్పుడే బయల్దేరాం. ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అడిగాను, ఇంకోరోజు నేను పోయి ఆ డబ్బా తీసేసి రానా అని.

"ఎందుకు తీస్తవ్? గుంతలు తవ్వినోళ్ళను పూడ్చుమను ముందు."

ఆమె ఆ ఊరికి మళ్ళీ పోలేదు. పోయే అవకాశం గుండె ఇవ్వలేదు.

దినాలకు ఆ ఊరి నుంచి చుట్టాలు వచ్చారు. భోజనాల దగ్గర నా వెనుక వరసలో ఎవరో అంటున్నారు. నిధి కాడ పాము ఉంటదంట. ముట్టినోళ్ళను ఊకె ఇడుస్తదా? అన్నం ముద్ద నోట్లో ఉండగానే అంటున్నారు. ఆమె పేరున వండిన అన్నం. నేను చెయ్యి కడుక్కున్నాను. ఆమె అన్నను బయటికి పిలిచాను.

"బావా, రేపు పొద్దున మీ ఊరొస్తున్న. నువ్వు నా ఎంబడి గుట్ట ఎక్కాలె."

"ఇప్పుడెందుకు బావ అవన్నీ? మనిషే పోయింది."

"మనిషి పోయింది. మాట పోలేదు."

మరునాడు అతన్ని, మేకల కాకను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాను. చేతిలో ఆమె ఫోన్. సిగ్నల్ లేదు. ఆమె దించుకున్న మ్యాప్ ఉంది. మా చోటు నీలం చుక్కగా కదులుతూ ఉంది, బాణం ముందుకు చూపిస్తూ ఉంది. బావ ముందు నడుస్తూ కట్టెతో పొదలు కొడుతున్నాడు, పాము కోసం. కాక వెనుక వస్తున్నాడు. దూరం తగ్గుతూ తగ్గుతూ వచ్చి బాణం తడబడింది. ఫోన్ జేబులో పెట్టి కళ్ళతో వెతికాను. ఒక పెద్ద బండ కింద చిన్న రాళ్ళు పొందికగా పేర్చి ఉన్నాయి. వాన అట్లా పేర్చదు. ఆమె పేరుస్తుంది.

"నువ్వే తియ్యి బావ" అని అతను దూరంగా నిలబడ్డాడు.

తీశాను. మూత తెరిచి బండ మీద పెట్టాను. రంగు గుండీలు, ఒక గోళీ, తాళంచెవి లేని కీచైన్, సగం అరిగిన చాక్‌పీసు. చుట్టిన కాగితం విప్పితే ఆమె పేరు ఒక్కటే ఉంది. ఇంకెవరూ రాలేదు.

బావ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. డబ్బా ఎత్తి అడుగు కూడా చూశాడు.

"గింతేనా?"

"గింతే."

పెన్ను ఇచ్చి పేరు రాయమన్నాను. "నా పేరెందుకు బావ దీంట్ల" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ రోజు చెల్లెలిని అన్న మాటకు బాధపడుతున్నట్టు ఒక్క ముక్క అతని నోట రాలేదు. అన్నది ఒక్కటే. "గీ గుండీల కోసం గింత దూరం ఎవడొస్తడు?"

కాక బండ మీద కూర్చున్నాడు. చాక్‌పీసు చేతిలోకి తీసుకుని, మళ్ళీ డబ్బాలో పెట్టాడు.

"నాకు రాయరాదు అల్లుడా. నా పేరు నువ్వు రాయి."

రాశాను. ఆమె పేరు కింద.

"ఆ పొద్దు బిడ్డ నవ్వుకుంట అన్నది" అన్నాడు. "నేను ఊర్లెకు పోయి మాట ఒక్కటే చెప్పిన. నవ్వు చెప్పలే."

"ఇప్పుడు చెప్పు మరి."

"ఎట్ల చెప్పాలె అల్లుడా? అది నవ్విన నవ్వు నాకు రాదు."

నాకూ రాదు. డబ్బా మూసి, రాళ్ళు మళ్ళీ పేర్చాను. ఆమె పేర్చినంత బాగా కుదరలేదు.

కిందికి వచ్చి ఫోన్ క్లిప్‌కు పెట్టి స్కూటర్ తీశాను. యాప్ ఆపలేదు. వెనుక సీటు ఖాళీగా ఉంది. దారి చెప్పేవాళ్ళు లేరు, తెలిసిన దారే. ఊరు దాటాను, కంకర మిషన్ దాటాను, సంగారెడ్డి వచ్చింది. బండి ఎటు తిప్పినా హ్యాండిల్ మీద ఆ బాణం మాత్రం వెనక్కి, గుట్ట వైపే చూపిస్తూ ఉంది. దాని కింద దూరం పెరుగుతూ పోయింది.